‘ఈత వచ్చేసింది’ అన్నాక కూడా బాబు ఎందుకు మునిగాడు?

ఒక అమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. అందులో ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 36 ఏళ్లు. ఎనిమిదేళ్ల బాబు, మూడున్నరేళ్ల పాప ఉన్నారు. మొన్న సెలవుల్లో బాబుని ఈత క్లాసులో చేర్పించారు. ఇరవై రోజులయ్యాక కోచ్ ‘మీవాడికి ఈత వచ్చేసింది’ అన్నారు. చివరి రోజు పిల్లలందరికీ మెడల్స్ వేసి ఫొటోలు తీశారు. రెండు వారాల తర్వాత బంధువులంతా కలిసి విహారానికి వెళ్తే, దిగిన చోట స్విమ్మింగ్ పూల్ ఉంది. చుట్టూ పదిమందికి పైగా పెద్దవాళ్లున్నారు. బాబు నడుముల్లోతు నీళ్లలో ఆడుకుంటూ, అడుగు వాలుగా దిగిపోయే చోట జారి లోతులోకి వెళ్లాడు. ఈమె ఆరడుగుల దూరంలో గట్టు మీదే కూర్చున్నారు. ‘వాడు తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నాడనుకున్నాను. అరవలేదు, నన్ను పిలవలేదు. ఎవరో తెలియనావిడ దూకి వాణ్ని పట్టుకునేదాకా నాకేమీ అర్థం కాలేదు’ అని రాశారు.

ఒడ్డుకు తెచ్చాక ఎవరో బాబుని తలకిందులుగా పట్టుకుని పొట్ట నొక్కారు. వాంతి అయింది, చాలాసేపు దగ్గాడు. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకుని, ఫరవాలేదని పంపించారు. ఇది జరిగి ఐదు వారాలు. ఇప్పుడు స్నానం చేయిస్తుంటే తల మీద నీళ్లు పోయనివ్వడం లేదట. రాత్రుళ్లు రెండు మూడుసార్లు లేస్తున్నాడట.

ఇంట్లో మూడు అభిప్రాయాలున్నాయి. ‘నన్ను మా నాన్న నీళ్లలోకి తోసేశాడు, అలాగే నేర్చుకున్నాను. వీణ్నీ రెండుసార్లు లోతులో వదిలితే భయం అదే పోతుంది’ అన్నది భర్త మాట. ‘ఈతకు వెళ్లిన రోజుల్లో జలుబు, చెవిపోటు తప్పలేదు, ఇప్పుడేమో ప్రాణం మీదికి వచ్చింది, ఇంక చాలించండి’ అన్నది అత్తగారి మాట. పాపకైతే చేతులకు గాలి బ్యాండ్లు కట్టి ఇప్పుడే నీళ్లలో దింపితే సహజంగా వచ్చేస్తుందని ఆడపడుచు సలహా. ఈమెకు ఎవరి మాట వినాలో తెలియడం లేదు. ‘పక్కనే ఉండి కూడా చూసుకోలేని తల్లికి నిర్ణయం చెప్పే హక్కుందా’ అని అడిగారు. చివర్లో, సంతకం కింద చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న రాశారు. దాని దగ్గరికి ఆఖర్న వస్తాను.

అమ్మా, మీ ఉత్తరంలో ‘ఆరడుగుల దూరంలో ఉండి కూడా’ అన్న మాట మూడుచోట్ల ఉంది. ముందు అక్కడే ఆగుదాం. ఆ తప్పు భారం మోస్తూ నిర్ణయాలు తీసుకుంటే, ఇంట్లో ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల మాటకే తలూపేస్తారు.

మునిగిపోయేవాళ్లు అరుస్తారని, చేతులు ఊపుతారని, నీళ్లు చిమ్ముతాయని మనందరం అనుకుంటాం. నిజానికి చాలామంది చప్పుడు లేకుండా మునుగుతారు. ఫ్రాంక్ పియా అని అమెరికాలో ఏళ్ల తరబడి లైఫ్‌గార్డ్‌గా పనిచేసినాయన, మునుగుతున్నవాళ్లను ఫిల్ముల్లో చిత్రీకరించి, వాళ్ల ఒళ్లు ఆ క్షణాల్లో ఏం చేస్తుందో వివరంగా చెప్పారు. అరవాలంటే ఊపిరి కావాలి. నోరు నీటి పైకి వచ్చే ఆ అరక్షణంలో ఒళ్లు గాలి పీల్చుకోవడానికే చూస్తుంది, మాటకు వ్యవధి ఉండదు. చేతులు ఊపడం కూడా వాళ్ల చేతుల్లో ఉండదు. రెండు చేతులూ పక్కలకు చాపి నీటిని కిందికి నొక్కుతూ, నోటిని పైకి తెచ్చుకోవడానికే సరిపోతాయి. మనిషి నిలువుగా ఉంటాడు, కాళ్లు పెద్దగా ఆడవు, తల వెనక్కి వాలి నోరు తెరుచుకుంటుంది. ఇదంతా 20 నుంచి 60 సెకన్లలో జరిగిపోతుంది. తర్వాత మునిగిపోతారు.

ఇప్పుడు మీ వాక్యం మళ్లీ చదవండి: ‘తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నాడనుకున్నాను.’ మీరు చూశారు. చూడకపోవడం వల్ల జరగలేదిది. చూసినదాన్ని గుర్తుపట్టడం మీకెవరూ నేర్పలేదు. మీ చుట్టూ ఉన్న ఆ పదిమందికీ నేర్పలేదు. దూకినావిడకు ఎక్కడో, ఎవరో నేర్పి ఉంటారు. కాబట్టి హక్కు గురించి అడిగిన ప్రశ్నకు నా జవాబు: ఆ ఇంట్లో ఆ ముఖాన్ని దగ్గరగా చూసిన మనిషి మీరే. నిర్ణయం చెప్పాల్సినవాళ్లలో మీరు ముందుండాలి.

‘చుట్టూ అంతమంది ఉన్నారు కదా’ అన్న ధీమా గురించి కూడా ఒక మాట. పదిమంది ఉన్న చోట, పక్కవాళ్లు చూస్తున్నారులే అని పదిమందీ అనుకుంటారు. ఇకమీదట మీ కుటుంబం నీళ్ల దగ్గరికి ఎప్పుడు వెళ్లినా, ‘ఈ పదిహేను నిమిషాలు పిల్లలు నావంతు’ అని ఒకరు పైకి చెప్పాలి. ఆ పావుగంట ఫోన్ లేదు, కబుర్లు లేవు. తర్వాతి మనిషికి పేరు పెట్టి అప్పగించాలి. ఈత సరిగా రాని పిల్లలైతే, చూసే పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఆరడుగులు అందుకు ఎక్కువే. ఇది మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు, రేపు పనికొస్తుందని చెబుతున్నాను.

ఇక, కోచ్ అన్న మాట. నేను పిల్లలకు చాలా ఏళ్లు ఈత నేర్పాను. తొలి రోజుల్లో నేను కూడా తల్లిదండ్రులతో ‘వచ్చేసింది’ అనేవాణ్ని. ఆ మాట వినగానే వాళ్ల ముఖాలు వెలిగిపోయేవి, నాకూ తృప్తిగా ఉండేది. ఆ మాట తీసుకుని వాళ్లు నా కంటికి కనబడని ఏ నీళ్ల దగ్గరికి వెళ్తారో నేను ఆలోచించలేదు. ఈనాటికీ ఆ సంగతి నన్ను బాధపెడుతుంది.

మన మాటలోనే ఒక చిక్కుంది. ‘ఈత వచ్చింది’ అంటాం, పళ్లు వచ్చాయన్నట్టు. ఒకసారి వస్తే ఉండిపోతుందన్నట్టు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇరవై రోజుల్లో సాధారణంగా నేర్చుకునేది ఏమిటి? గాగుల్స్ పెట్టుకుని, కాళ్లు నేలకు అందే నీళ్లలో, గోడను తన్ని, ఊపిరి బిగబట్టి, కోచ్ కళ్ల ముందు అవతలి గోడ దాకా వెళ్లడం. గొప్ప విషయమే. కానీ అనుకోకుండా లోతులోకి జారినప్పుడు కావలసిన పని వేరు.

అమెరికన్ రెడ్ క్రాస్ సంస్థ, నీటిలో కనీసం ఈ అయిదు చేయగలగాలని చెబుతుంది. తల మునిగేంత లోతులోకి దిగడమో దూకడమో చేసి పైకి రావడం. ఒక నిమిషం పాటు తేలుతూనో, కాళ్లు ఆడిస్తూనో ఉండగలగడం. నీళ్లలో చుట్టూ తిరిగి, బయటికి దారి ఎటుందో చూసుకోవడం. అటు 25 గజాలు, అంటే సుమారు 23 మీటర్లు ఈదడం. నిచ్చెన లేకుండా గట్టెక్కడం. ఈ అయిదూ ఒకదాని తర్వాత ఒకటి, ఆగకుండా చేయాలి. మీవాడు ఇందులో నాలుగోది కొంత నేర్చుకున్నాడు. ఆ రోజు వాడికి కావలసి వచ్చింది రెండోదీ మూడోదీ. అవి వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వాడు ఎందుకు తేలలేదో కూడా మీకు తెలియాలి, ఎందుకంటే రేపు వాడు అడుగుతాడు. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే మనిషి ఒళ్లు మంచినీటి కంటే కాస్త తేలిక. ఊపిరి వదిలేస్తే చాలామంది నీటి కంటే కాస్త బరువవుతారు. తేడా చాలా కొంచెమే. తల నీళ్లలో ఉన్నంతసేపు దాని బరువు నీరే మోస్తుంది. భయపడి తలను నీటి పైకి ఎత్తగానే ఆ బరువంతా మన మీద పడుతుంది, కాళ్లు కిందికి దిగిపోతాయి, ఒళ్లు నిలువుగా అవుతుంది. నిలువుగా ఉన్న మనిషి ముందుకు వెళ్లలేడు. ప్రాణభయంలో ఎవరి ఒళ్లయినా చేసే మొదటి పని తల ఎత్తడమే. వెల్లకిలా తిరిగి, చెవులు నీళ్లలో మునిగేలా తల వాల్చి, గుండెల నిండా గాలి పట్టి ఉండటం అందుకు పూర్తిగా విరుద్ధమైన పని. ఒంటికి అది అలవాటయ్యేదాకా వందల సార్లు చేయించాలి. మీవాడు మొద్దు కాదు, పిరికివాడు కాదు. ఎవరూ నేర్పని పని వాడికి చేతకాలేదు, అంతే. ఈ మాట వాడితో, మీ గొంతుతో చెప్పండి.

ఇప్పుడు మీవారి మాటకు వద్దాం. మీ ఉత్తరంలో ఆయన మీద కోపం కనిపిస్తోంది. నాకు మాత్రం ఆయన కూడా బాగా భయపడ్డారనిపిస్తోంది. కొడుకు మునిగాడన్న సంగతిని త్వరగా ‘సరిచేసేయాలి’ అన్న ఆత్రంలో తనకు తెలిసిన ఒకే ఒక్క దారి చెబుతున్నారు. ఆయన్ని తోసేశారు, ఆయనకు ఈత వచ్చింది, ఇది నిజమే. అలా తోయించుకున్నవాళ్లలో కొందరు జన్మలో మళ్లీ నీళ్ల దగ్గరికి వెళ్లలేదు, ఇదీ నిజమే. వాళ్లు తమ కథ గర్వంగా చెప్పుకోరు కాబట్టి మన చెవిన పడదు. నా దగ్గరికి పెద్దయ్యాక ఈత నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది చెప్పిన మొదటి సంగతి, చిన్నప్పుడు తమను ఎవరు తోశారో. ఇరవై ఏళ్లు గడిచినా ఆ చెయ్యి ఎవరిదో గుర్తుంటుంది.

పైగా మీ బాబు సంగతి వేరు. తోసేదాకా ఆయన ఎప్పుడూ మునగలేదు. మీవాడు ఇప్పటికే ఒకసారి మునిగాడు. వాణ్ని లోతులో వదిలితే ఒళ్లు మళ్లీ అదే పని చేస్తుంది: తల ఎత్తుతుంది, నిలువుగా అవుతుంది, నీళ్లు మింగుతుంది. ఈసారి అదనంగా ఒక పాఠం నేర్చుకుంటాడు, నాన్న చేతిని కూడా నమ్మకూడదని. నేను ఇక్కడ మెత్తగా చెప్పను: ఈ దారి వద్దు. కానీ ఆయన్ని పక్కకు నెట్టకండి. ఆయనకు నీళ్లంటే భయం లేదు, ఈదగలరు. నెమ్మదిగా నడిచే దారిలో ఆయన అవసరం చాలా ఉంది.

మీ అత్తగారు చెప్పినదాంట్లో ఎంత నిజముందో విడదీసి చూద్దాం, ఎందుకంటే ఆవిడ చూసిందే చెబుతున్నారు, అబద్ధం చెప్పడం లేదు. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, నీళ్లలో తడిసినందుకు రాదు. పదిమంది పిల్లలు ఒకచోట చేరితే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, బడిలోనైనా అంతే. ఆవిడ భయంలో పట్టించుకోవాల్సింది చలి. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే త్వరగా చల్లబడుతుంది. పెదాలు నీలంగా మారినా, వణుకు మొదలైనా, క్లాసులో ఎంత సమయం మిగిలున్నా సరే బయటికి తీసుకురావాలి. తుడిచి పొడి బట్టలు వేయాలి.

చెవిపోటు మాత్రం నిజంగా ఈతకు సంబంధించినదే కావచ్చు. నీళ్లు చెవి గొట్టంలో నిలిచి అక్కడి చర్మం నానితే బయటి చెవికి ఇన్ఫెక్షన్ వస్తుంది. చెవి దొప్ప లాగితే నొప్పి పెరగడం దాని గుర్తు. నీళ్లలోంచి రాగానే తల అటూ ఇటూ వంచి నీరు కారనిచ్చి, తువ్వాలుతో బయట తుడిస్తే చాలావరకు తప్పుతుంది. దూదిపుల్లలు లోపల పెట్టొద్దు, అవి చర్మాన్ని గీరి ఇంకా చెడగొడతాయి. కర్ణభేరికి రంధ్రం ఉన్నా, చెవిలో డాక్టర్లు చిన్న గొట్టాలు అమర్చి ఉన్నా, నీళ్లలో దించే ముందు వాళ్లని అడగాలి. ఇంకొకటి: పూల్ దగ్గర ఘాటైన వాసన వస్తే ‘మందు బాగా వేశారు, శుభ్రంగా ఉంది’ అనుకుంటాం. క్లోరిన్, చెమటతోనూ మూత్రంతోనూ కలిసి తయారయ్యే క్లోరమైన్ల వాసన అది. కళ్లు మండేదీ వాటివల్లే. నీళ్లలో దిగే ముందు పిల్లలందరికీ స్నానం చేయించే చోటు వెతకండి. ఈ వివరాలు మీరే అత్తగారితో కూర్చుని మాట్లాడితే బాగుంటుంది. ‘మీరన్న చెవిపోటు నిజమే, ఇలా జాగ్రత్తపడదాం’ అని మొదలుపెడితే ఆవిడ కూడా సగం దారి వస్తారు.

తలకిందులుగా పట్టుకుని పొట్ట నొక్కిన విషయం రాశారు కాబట్టి ఇది చెప్పకుండా వదలలేను. మంచి మనసుతోనే చేశారు, కానీ అలా చేయకూడదు. మునిగినవాళ్లకు తక్షణం కావలసింది ఊపిరి. ఊపిరితిత్తుల్లోని నీళ్లు పొట్ట నొక్కితే బయటికి రావు. వచ్చేది కడుపులోని నీళ్లు, తిన్నది. అది మళ్లీ ఊపిరి గొట్టంలోకి జారే ప్రమాదం ఉంది, పైగా విలువైన క్షణాలు పోతాయి. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఆడకపోతే ముందు నోటితో ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కడం, మళ్లీ ఊపిరి, అలా సాయం వచ్చేదాకా. ఎవరో ఒకరు వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. ఇది చదివి వచ్చే విద్య కాదు. ఊపిరి ఊది, ఛాతీ నొక్కే ఈ పద్ధతినే సీపీఆర్ అంటారు, మీరూ మీవారూ ఇద్దరూ దాని శిక్షణకు వెళ్లండి. బాబు ఈత కంటే ముందు ఇది పెట్టుకోమంటాను.

వారం రోజులు నిద్ర మానుకుని వాడి ఊపిరి చూస్తూ కూర్చున్నానని, ‘డ్రై డ్రౌనింగ్’ (నీళ్లలోంచి బయటపడ్డ కొన్ని రోజులకు ప్రాణం పోతుందనే మాట) గురించి చదివి వణికిపోయానని రాశారు. బాగున్న పిల్లవాడు వారం తర్వాత ఉన్నట్టుండి పోతాడన్నది నిజం కాదు. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో నిపుణులు ‘డ్రై డ్రౌనింగ్’ లాంటి పదాలను వదిలేయమని చెప్పారు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ ఇబ్బంది గంటల్లోనే బయటపడుతుంది: తగ్గని దగ్గు, వేగంగా ఊపిరి తీయడం, విపరీతమైన మగత, వాంతులు. ఆ కొన్ని గంటలు మీవాడు డాక్టర్ల కళ్లెదుటే ఉన్నాడు. ఆ భయాన్ని ఇక దించేయండి.

మరి ఇప్పుడు బాబు విషయంలో ఏం చేయవచ్చు?

కొన్నాళ్లు ఈత ఊసే ఎత్తకుండా ఉండవచ్చు. నాలుగు వారాలో, ఎనిమిది వారాలో ఆగితే నష్టమేమీ లేదు, ఒంటికీ మనసుకీ విరామం కావాలి. కానీ ‘ఇంకెప్పటికీ వద్దు’ అని ఇంట్లో తీర్మానిస్తే రెండు జరుగుతాయి. దూరంగా ఉన్నకొద్దీ భయం గడ్డకడుతుంది, నీళ్లు నిజంగానే తనను మింగేవని వాడి మనసు ఖాయం చేసుకుంటుంది. ఇంకొకటి, వాడు పెరుగుతాడు. పద్నాలుగేళ్లకు స్నేహితులతో ఏ చెరువు గట్టుకో, సముద్రపు ఒడ్డుకో మీకు చెప్పకుండా వెళ్తాడు. అప్పుడు వాడి పక్కన మీరుండరు. బడి ఈడు పిల్లలకు ప్రాథమిక ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం వెనక ఉన్నది ఇదే.

పాత క్లాసుకే మళ్లీ పంపవచ్చు. తెలిసిన చోటు, తెలిసిన మనుషులు, అది వాడికి ఊరట కావచ్చు. అయితే ముందు ఆ కోచ్‌తో జరిగింది దాచకుండా చెప్పండి. చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూడండి. ‘అయ్యో, ఎక్కడ లోటు జరిగిందో చూద్దాం’ అంటే ఆలోచించవచ్చు. ‘ఏం కాదు, అందరికీ అవుతుంది’ అంటే వేరే చోటు వెతకండి. ఒక కోచ్‌కు ఎంతమంది పిల్లలు, గట్టు మీద నీళ్లనే చూస్తూ ఉండే లైఫ్‌గార్డ్ వేరేగా ఉన్నారా, వెల్లకిలా తేలడం ఎన్నో రోజున నేర్పుతారు, లోతులో ఎప్పుడు పరీక్షిస్తారు అని అడగండి. ఎన్ని రోజుల్లో వస్తుందని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న మనం అడుగుతూ ఉన్నంతకాలం వాళ్లు ఇరవై రోజులని చెబుతూనే ఉంటారు.

మూడో దారి నెమ్మదైనది, నా మొగ్గు దానివైపే. స్నానాల గదిలో మొదలవుతుంది. చెంబు వాడి చేతికే ఇవ్వండి. భుజం దాకా, మెడ దాకా, ఎప్పుడు తల మీదికి పోసుకోవాలో వాడే తేల్చుకోనివ్వండి. తర్వాత ఏదో ఒక రోజు పూల్ గట్టు మీద కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చోవడం, దిగనక్కర్లేదు. ఆ తర్వాత మోకాలి లోతులో నాన్నతో. ఒక్క నియమం మాత్రం ఇనుములా ఉండాలి: వాడు ‘చాలు’ అంటే ఆ క్షణమే చాలు. ఇంకొక్కసారి అని బతిమాలడం, పక్కపిల్లలు చేస్తున్నారు చూడు అని పోల్చడం ఉండకూడదు. ‘చాలు’ అంటే ఆగుతారని నమ్మిన పిల్లవాడు ఆ మాటను రోజురోజుకీ ఆలస్యంగా అంటాడు. ఆ తర్వాతే ఒక్కడికే నేర్పే కోచ్, వెల్లకిలా తేలడంతో మొదలు. నెలలు పట్టవచ్చు. ఒక వారం ముందుకు, రెండు వారాలు వెనక్కి నడుస్తుంది. మీవారికి ఓపిక నశిస్తుంది, మీకూ నశిస్తుంది. ఈ దారి ఖర్చు అదే.

అయితే ఐదు వారాలయ్యాక కూడా రాత్రుళ్లు లేస్తున్నాడన్నారు. అది తగ్గుముఖం పట్టకపోతే పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. ఇంత జరిగాక ఒక నెల దాటి ఇలా ఉంటే సాయం తీసుకోవడం సబబే, అప్పుడు ఈత మాట వాళ్లు సరేనన్నాకే.

పాప విషయం కొంచెం వేరు. పసిపిల్లలకు పుట్టుకతోనే ఈత వస్తుందన్న మాట ఒక ప్రతిచర్య నుంచి పుట్టింది. నెలల పాప నీళ్లలో కాళ్లు చేతులు ఆడిస్తుంది, ఊపిరి బిగబడుతుంది. ఆరు నెలలు వచ్చేసరికి అది క్షీణిస్తుంది. అది ఈత కాదు, ప్రాణం కాపాడదు. ఇక చేతులకు కట్టే గాలి బ్యాండ్లు పిల్లను నిలువుగా వేలాడదీస్తాయి. ఇంతకుముందు చెప్పానే, మునిగేటప్పటి భంగిమ, అదే. దానికి తోడు, నీళ్లు తనను మోస్తాయని పిల్ల నమ్ముతుంది, బ్యాండ్లు లేని రోజున కూడా అదే నమ్మకంతో దూకుతుంది. అవి జారిపోతాయి, గాలి పోతుంది. పడవలో వెళ్తే, లోతు నీళ్లుంటే, కొలతకు సరిపడే అసలైన లైఫ్ జాకెట్ వాడండి. బ్యాండ్లను నేనైతే ఇంట్లోకే రానివ్వను.

మూడున్నరేళ్లకు క్లాసులు తొందరా అంటే, కాదు. నాలుగేళ్ల లోపు వద్దని ఒకప్పుడు అన్న అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2010లో ఆ మాట సడలించి, 2019లో ఏడాది దాటిన చాలామంది పిల్లలకు మొదలుపెట్టవచ్చని చెప్పింది. దీనికి ఒక కారణం 2009లో వచ్చిన అధ్యయనం. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో, క్లాసులకు వెళ్లినవాళ్లకు మునిగే ప్రమాదం 88 శాతం తక్కువగా కనిపించింది. అది చిన్న అధ్యయనం కాబట్టి ఆ అంకెను గట్టిగా పట్టుకోలేం, కానీ చిన్న వయసులో నేర్పితే ప్రమాదం పెరుగుతుందన్న భయానికి ఆధారం దొరకలేదు. ఏడాదిలోపు పిల్లలకు మాత్రం క్లాసులు ప్రమాదాన్ని తగ్గిస్తాయన్న రుజువు లేదు. పాప ఈ వయసులో చక్కటి ఫ్రీస్టైల్ ఈదదు, చేతులు, కాళ్లు, ఊపిరి మూడూ కలపడం అయిదారేళ్లకు గానీ కుదరదు. ముఖం తడిస్తే ఉలిక్కిపడకపోవడం, తేలడం, గోడ పట్టుకోవడం నేర్చుకుంటే అదే చాలు. లేదా ఏడాది ఆగండి, అదీ తప్పు కాదు. ఏది ఎంచుకున్నా ఇంట్లో నీళ్ల బకెట్లు, తొట్లు ఖాళీ చేసో మూతపెట్టో ఉంచండి. ఆ వయసు పిల్లలు జానెడు నీళ్లలో కూడా మునిగిపోగలరు, తల బరువు వల్ల ముందుకు పడి తిరిగి లేవలేరు. 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోతే, వాళ్లలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలు.

ఇక సంతకం కింద రాసిన ప్రశ్న: ‘నాకు ఈత రాదు. ఈ వయసులో నేర్చుకోవచ్చా? లేక నవ్వుతారా?’

ఈ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆశ కలిగించింది ఇదే. నేర్చుకోండి. నా దగ్గర అరవై దాటాక తేలడం నేర్చుకున్నవాళ్లున్నారు. పెద్దవాళ్లకు ఒళ్లు వదులు చేయడం పిల్లల కంటే కష్టం, అర్థం చేసుకోవడం తేలిక, రెండూ సరిపోతాయి. మీరు నేర్చుకున్నంత మాత్రాన లోతులో ఉన్న మనిషి కోసం దూకేయవద్దు. మునుగుతున్నవాళ్లు కాపాడటానికి వచ్చినవాళ్లను పట్టుకుని కిందికి లాగుతారు, కర్ర అందించడమో, తేలే వస్తువు విసరడమో ముందు చేయాలి. కానీ మోకాలి లోతు దాటి బాబు పక్కన నిలబడే రోజు రావాలంటే మీ భయం కూడా కరగాలి. పిల్లలు మన మాటల కంటే మన బిగుసుకున్న భుజాలనే ముందు చూస్తారు.

పూల్ దాకా వెళ్లనక్కర్లేదు, ఈ వారమే మొదలుపెట్టవచ్చు. వెడల్పాటి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి బల్ల మీద పెట్టుకోండి. గాలి పీల్చి, నోరూ ముక్కూ నీళ్లలో పెట్టి, బుడగలు వచ్చేలా నెమ్మదిగా వదలండి. ముక్కులోకి నీళ్లు పోతాయేమోనని మొదటిసారి అదురుతారు. గాలి బయటికి వస్తున్నంతసేపు నీళ్లు లోపలికి పోవు. బాబుని పిలిచి, అమ్మ ఎన్ని సెకన్లు బుడగలు వదిలిందో లెక్కపెట్టమనండి. మీకు భయమేస్తే ‘చాలు’ అని వాడి ముందే అని, తల ఎత్తేయండి. మళ్లీ ఎప్పుడు పెట్టాలో మీరే చెప్పండి.